కులం పేరుతో తిట్టి కొట్టారు, ఎస్సై రాజీ అంటున్నాడు. ఏం చేయాలి?

తమ్ముడూ, రాజీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు. టీ కొట్టు దగ్గర నలుగురిలో కులం పేరెత్తి తిట్టారు, చొక్కా పట్టుకుని కొట్టారు అంటున్నావు. ఎస్సై చెప్పినట్టు అది చిన్న గొడవ కాదు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) ఇలాంటి వాటి కోసమే ఉన్నాయి. నలుగురి కళ్లముందు జరగడం ఇందులో కీలకం. అప్పుడు కొట్టు దగ్గర ఎవరెవరున్నారో మరిచిపోకముందే రాసిపెట్టుకో.

మా అన్నని పొలం గట్టు మీద ఇలాగే కొట్టారు. స్టేషన్లో రైటరు తనే ఫిర్యాదు రాసి, గట్టు తగాదాలో తోపులాట అని తేల్చేశాడు. తిట్టిన మాట ఒక్కటీ అందులో లేదు. నాన్న సంతకం పెట్టనివ్వలేదు. ఇంటికొచ్చి మేమే రాశాం: తేదీ, టైము, చోటు, సాక్షులు, కొట్టినవాళ్ల పేర్లు, వాళ్లు ఎస్సీ, ఎస్టీ కాదన్న సంగతి. వాళ్లన్న మాటలు అన్నట్టే, బూతులతో సహా. అమ్మ పక్కనుండగా అవి రాయడం నరకం. కానీ ఆ మాటలు కాగితం మీద లేకపోతే కేసు మామూలు కొట్లాట కింద పోతుంది.

ఎస్సై తీసుకోలేదు. అదే ఫిర్యాదు ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపాం, ఆ తర్వాతే ఎఫ్ఐఆర్ అయింది. నిజానికి సెక్షన్ 18ఎ ప్రకారం ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారికి, అతను ఎస్సీ, ఎస్టీ కాకపోతే, సెక్షన్ 4 కింద శిక్ష ఉంది. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకో.

దెబ్బలుంటే ఈరోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, ఎవరు కొట్టారో చెప్పి ఎంఎల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే దెబ్బల గురించి డాక్టరు రాసే రికార్డు) రాయించుకో. స్టేషన్లో కదలకపోతే 14566కి ఫోన్ చెయ్యి, అది ఈ చట్టం కోసమే పెట్టిన హెల్ప్‌లైన్. కొట్టినవాళ్లు నీ మీదే కౌంటర్ కేసు పెడతామని బెదిరిస్తారు, మా మీదా పెట్టారు. భయపడకు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునిస్తారు. ప్రభుత్వ పరిహారంలో కొంత ఎఫ్ఐఆర్ దశలోనే రావాలి, కలెక్టరేట్లో అడుగు.

చట్టాన్ని దుర్వినియోగం చేస్తున్నావని ఊళ్లో అంటారు. కారంచేడు లాంటి దళితుల ఊచకోతల తర్వాత వచ్చిన చట్టమిది, వాడుకోవడానికి సిగ్గెందుకు?

స్టేషన్‌కి ఒక్కడివే వెళ్లకు, పేటలో నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకెళ్లు. కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సు కూడా పట్టుకెళ్లు.