పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నిరుద్యోగం, కూలి రేటు

ప్రశ్న: పని దొరకని ప్రాంతంలో వేతనాలు పడిపోతాయని కొందరు అంటారు. నిరుద్యోగులు ఎక్కువగా ఉండే నగరాల్లోనే జీతాలు ఎక్కువని మరికొందరు చెబుతారు. వర్ధమాన దేశాల విషయంలో ఏది నిజం?

జవాబు: రెండింటికీ ఆధారం ఉంది. రెండో వాదనను 1970లో జాన్ హారిస్, మైఖేల్ టొడారో అనే ఆర్థికవేత్తలు వివరించారు. నగరంలో వేతనం పల్లె ఆదాయం కన్నా బాగా ఎక్కువగా ఉన్నప్పుడు, పని దొరుకుతుందన్న హామీ లేకపోయినా జనం వలస వస్తూనే ఉంటారు కాబట్టి అధిక వేతనమూ అధిక నిరుద్యోగమూ ఒకే చోట కనిపిస్తాయి. ఇది నగరానికీ పల్లెకూ మధ్య దీర్ఘకాలంగా ఉన్న తేడా గురించి చెప్పే మాట.

ఒకే ప్రాంతంలో నిరుద్యోగం పెరిగినప్పుడు అక్కడి కార్మికుడి వేతనం ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. డేవిడ్ బ్లాంచ్‌ఫ్లవర్, ఆండ్రూ ఆస్వాల్డ్ పలు దేశాల కార్మికుల వివరాలను పరిశీలించి 1994లో దీనికి జవాబిచ్చారు. చదువు, వయసు వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత, ప్రాంతీయ నిరుద్యోగ రేటు పదో వంతు పెరిగితే, అంటే 10 శాతం నుంచి 11 శాతానికి చేరితే, వేతనం సుమారు 1 శాతం తక్కువగా ఉంటుందని తేల్చారు. ఈ సంబంధానికి వేతన వక్రరేఖ అని పేరు. తన స్థానంలోకి రావడానికి బయట ఎందరో ఎదురుచూస్తున్నారని తెలిసిన కార్మికుడు కూలి పెంచమని గట్టిగా అడగలేడు, ఆ సంగతి యజమానికీ తెలుసు.

ఒక్క శాతమే కదా అనుకోకూడదు. అది సగటు మాత్రమే, భారం అందరి మీదా సమానంగా పడదు. టర్కీలో 2005–2009 మధ్య సమాచారంతో జరిగిన పరిశోధనలో, సామాజిక భద్రతలో నమోదైన కార్మికుల కన్నా నమోదు కాని కార్మికుల వేతనాలే ప్రాంతీయ నిరుద్యోగానికి ఎక్కువగా స్పందించాయి. రాతపూర్వక ఒప్పందం, సంఘం, కనీస వేతన చట్టం అమలు అనే మూడు రక్షణలూ లేనివారికే దెబ్బ ఎక్కువగా తగులుతుందంటే, అసంఘటిత కార్మికులే అధికంగా ఉన్న దేశాల్లో ఈ సమస్య తీవ్రతను సగటు అంకె దాచిపెడుతుందన్నమాట.

ప్రశ్న: కొన్ని వెనుకబడిన ప్రాంతాల్లో అధికారిక నిరుద్యోగ రేటు చాలా తక్కువ. అయినా కూలి ఎందుకు పెరగదు?

జవాబు: ఆ రేటు తక్కువగా ఉండటానికి పేదరికమే ఒక కారణం. నిరుద్యోగ భృతి లేని చోట ఖాళీగా కూర్చునే స్తోమత పేదవాడికి ఉండదు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం సర్వే వారంలో ఒక గంట కూలికి పనిచేసినా ఉపాధి ఉన్నట్టే లెక్క. వెతికి వెతికి విసిగి మానేసినవారిని మామూలు నిర్వచనం నిరుద్యోగులుగానే పరిగణించదు. దక్షిణాఫ్రికాలో గీతా కింగ్డన్, జాన్ నైట్ చేసిన అధ్యయనంలో, పని వెతకడం మానేసినవారు కూడా స్థానిక వేతనాలపై ఒత్తిడి తెస్తున్నారని తేలింది. లెక్కలోంచి తొలగించినంత మాత్రాన వారు పని మార్కెట్ నుంచి తొలగిపోలేదు.

ఇంకో కారణం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. కూలి తగ్గినప్పుడు పొదుపు గానీ అప్పు పుట్టే దారి గానీ ఉన్న కుటుంబం కొన్నాళ్లు ఆగగలదు, లేదా మరో ప్రాంతానికి వెళ్లగలదు. ఆ వెసులుబాటు లేనివారు మాత్రం పూట గడవడానికి అదే తక్కువ రేటుకు మరిన్ని రోజులు పనికి వెళ్తారు, దానితో పనికి పోటీ పెరిగి రేటు ఇంకా దిగజారుతుంది. భారతదేశ జిల్లాల 1956–1987 నాటి వేతనాలను పరిశీలించిన సీమా జయచంద్రన్, పంట దెబ్బతిన్నప్పుడు బ్యాంకులూ వలసకు రవాణా సౌకర్యాలూ తక్కువగా ఉన్న చోట్ల కూలి మరింతగా పడిపోయిందని చూపారు. కాబట్టి వెనుకబడిన ప్రాంతంలో కూలి పెరగాలంటే కొత్త పరిశ్రమ ఒక్కటే మార్గం కాదు. పని లేని నెలల్లో ప్రభుత్వం కల్పించే ఉపాధి, అందుబాటు వడ్డీకి చిన్న రుణం, పొరుగు పట్టణానికి చవకగా వెళ్లి వచ్చే బస్సు కూడా ఆ తక్కువ రేటును కాదనగల శక్తిని కార్మికుడికి ఇస్తాయి.