డి డ్రైవ్ ఎన్‌క్రిప్షన్: ఫార్మాట్ లేకుండా కుదురుతుంది, అయినా ఫార్మాట్ చేసే పెట్టండి

ప్రశ్న ఇది: ఇంట్లో పాత డెస్క్‌టాప్, విండోస్ హోమ్. 500 జీబీ డి డ్రైవ్‌లో 300 జీబీ దాకా ఫొటోలు, ఆధార్, పాన్, ఇంటి దస్తావేజుల స్కాన్లు. సిస్టం రిపేరుకి ఇస్తే ఎవరైనా చూస్తారని భయం. ఉన్న డేటా పోకుండా డి ఎన్‌క్రిప్ట్ చేయొచ్చా, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేని రూపంలోకి మార్చొచ్చా?

చేయొచ్చు. ముందు ఒక మాట: విండోస్ లాగిన్ పాస్‌వర్డ్ మిమ్మల్ని కాపాడదు. డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే అన్నీ కనపడతాయి. ఫోల్డర్లు దాచిపెడతామనే సాఫ్ట్‌వేర్లు చాలావరకు తలుపుకి తాళం బదులు కర్టెన్ కట్టడం లాంటివి. విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్‌ని హోమ్‌లో పెట్టుకునే వీలు లేదు, దానికి ప్రో కావాలి. అందుకని ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ వాడండి.

అందులో ఫైళ్ళు అలాగే ఉంచి, ఉన్నచోటే ఎన్‌క్రిప్ట్ చేసే 'ఇన్ ప్లేస్' పద్ధతి ఉంది. పార్టిషన్ (డిస్క్‌లో డి లాంటి ఒక భాగం) విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండి, కొంత ఖాళీ ఉంటే పనిచేస్తుంది. నన్నడిగితే దాని జోలికి వెళ్ళొద్దు. మధ్యలో కరెంటు పోయినా, విండోస్ హ్యాంగ్ అయినా కొంత డేటా పాడవుతుందని ఆ ప్రోగ్రామే హెచ్చరిస్తుంది. అంటే ఎలాగూ ముందు బ్యాకప్ తీయాలి. 300 జీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాక ఇక ఆ రిస్క్ ఎందుకు? ఖాళీ పార్టిషన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి ఫైళ్ళు వెనక్కి వేసుకోండి. సెకనుకి 100 ఎంబీ చొప్పున లెక్కేస్తే 50 నిమిషాలు. చిన్న చిన్న ఫొటోలు ఎక్కువుంటే గంటన్నర అనుకోండి.

మొదలుపెట్టే ముందు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రామ్‌లో 'కరెంట్ పెండింగ్ సెక్టార్' (డిస్క్ సరిగ్గా చదవలేకపోతున్న చోట్ల లెక్క) సున్నా ఉందో లేదో చూడండి. లేకపోతే ఎన్‌క్రిప్షన్ సంగతి తర్వాత, ముందు డిస్క్ మార్చండి. బ్యాకప్‌లోంచి పది ఫొటోలు, రెండు పీడీఎఫ్‌లు తెరిచి చూశాకే ముందుకెళ్ళండి.

వెరాక్రిప్ట్ విజార్డ్‌లో 'నాన్ సిస్టం పార్టిషన్' ఎంచుకుని డి పార్టిషన్‌ని చూపించండి. మొత్తం డిస్క్‌ని కాదు, పార్టిషన్‌ని. సైజు 500 జీబీ ఉందా అని రెండుసార్లు చూసుకోండి. ఎన్‌క్రిప్షన్ పద్ధతుల పేర్లయిన ఏఈఎస్, ఎస్‌హెచ్‌ఏ 512 ఎలా ఉన్నవి అలా వదిలేయండి. 4 జీబీ దాటిన ఫైళ్ళు ఉంటాయా అని అడిగితే అవుననండి. 'క్విక్ ఫార్మాట్' టిక్ మాత్రం పెట్టొద్దు. పెడితే పాత ఫొటోలు డిస్క్ మీద అలాగే పడి ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటికొస్తాయి. టిక్ లేకపోతే డిస్క్ అంతా కొత్తగా రాస్తుంది, హార్డ్ డిస్క్‌కి గంటన్నర, రెండు గంటలు. ఎస్ఎస్‌డీ అయితే ఇలా రాసినా పాత ముక్కలు కొన్ని లోపల మిగిలే అవకాశం ఉంది.

పాస్‌వర్డ్ 20 అక్షరాలు దాటాలి. తెలుగు లిపిలో పెట్టొద్దు, డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించిన రోజు అక్కడ తెలుగు కీబోర్డ్ ఉండకపోవచ్చు. తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే స్పెల్లింగ్ జాగ్రత్త. 'తాత'ని ఒకరు టీతో రాస్తారు, ఒకరు టీహెచ్‌తో. ఆర్నెల్ల తర్వాత మీరే ఎలా రాశారో మర్చిపోతారు. కాగితం మీద రాసి దస్తావేజులతో పాటు పెట్టండి.

ఇక్కడ దాకా అందరూ బాగానే చేస్తారు. కొంపలు మునిగేది తర్వాత. ఎన్‌క్రిప్ట్ అయిన డి విండోస్‌కి అర్థంకాని డిస్క్‌లా కనపడుతుంది. ఇంట్లో నాన్నగారో పిల్లలో డి మీద డబుల్ క్లిక్ చేస్తారు. 'ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?' అని పెట్టె వస్తుంది. కింద రెండు బటన్లు, ఫార్మాట్ డిస్క్, క్యాన్సిల్. అంత మర్యాదగా అడిగితే ఎవరైనా మొదటిదే నొక్కుతారు. తాళంచెవి లాంటి హెడర్ పార్టిషన్ మొదట్లోనే ఉంటుంది, ఫార్మాట్ ముందు దాన్నే తుడిచేస్తుంది. అది క్విక్ ఫార్మాట్ అయితే ఆశ ఉంది. పార్టిషన్ చివర హెడర్‌కి ఇంకో కాపీ ఉంటుంది, వెరాక్రిప్ట్ టూల్స్ మెనూలో 'రిస్టోర్ వాల్యూమ్ హెడర్'కి వెళ్ళి దాన్ని వాడొచ్చు. డ్రైవ్ తెరుచుకున్నా లోపలి ఫైల్ సిస్టం కొంత దెబ్బతిని ఉంటుంది, రికవరీ సాఫ్ట్‌వేర్ పట్టాల్సి రావచ్చు. మామూలు ఫార్మాట్ పూర్తిగా నడిచిందంటే అంతా సున్నాలే, బ్యాకప్ తప్ప దిక్కులేదు.

అందుకే పని కాగానే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఆ పార్టిషన్‌కి ఉన్న డి అక్షరం తీసేయండి. ఆ పెట్టె రావడానికి దారే ఉండదు. తర్వాత వెరాక్రిప్ట్‌లో మౌంట్ చేసేటప్పుడు, అంటే పాస్‌వర్డ్ ఇచ్చి డ్రైవ్ తెరిచేటప్పుడు, అదే డి అక్షరం ఇచ్చుకుంటే పాత షార్ట్‌కట్లు కూడా పనిచేస్తాయి. టూల్స్‌లోనే 'బ్యాకప్ వాల్యూమ్ హెడర్' కూడా ఉంది, ఆ చిన్న ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో దాచండి. పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా కొత్త కాపీ తీసి పాతది చెరిపేయండి, ఎందుకంటే పాత హెడర్ ఫైల్ పాత పాస్‌వర్డ్‌తో ఇంకా తెరుచుకుంటుంది.

సి డ్రైవ్ మామూలుగానే ఉంది కదా, అదొక చిల్లు. మీరు డిలో ఫొటోలు చూస్తుంటే వాటి చిన్న బొమ్మలు సిలో పోగవుతాయి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో 'ఎప్పుడూ ఐకాన్లే చూపించు' టిక్ పెట్టి, డిస్క్ క్లీనప్‌లో థంబ్‌నెయిల్స్ చెరిపేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఈ-ఆధార్ పీడీఎఫ్ ఉందేమో కూడా చూడండి, చాలా ఇళ్ళలో ఉంటుంది.

అన్నట్టు, మొదట్లో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసిన ఆ 300 జీబీ బ్యాకప్‌కి తాళం లేదు. ఫైళ్ళన్నీ డికి వచ్చి, తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక దాన్ని కూడా ఇదే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి, మళ్ళీ కాపీ చేసి బీరువాలో పెట్టండి.