డాట్‌నెట్ ఎస్‌ఎమ్‌టీపీ క్లయింట్: 465 పోర్టులో కదలదు, 587లో ధ్రువీకరణ లోపం

మీరు చెప్పినదాన్ని బట్టి, మెయిల్ పంపడానికి డాట్‌నెట్‌లోని ఎస్‌ఎమ్‌టీపీ క్లయింట్ క్లాసుతో రాసిన మీ కోడు 465 పోర్టులో చాలాసేపు కదలకుండా ఉండి టైమౌట్ అవుతోంది. 587కు మారిస్తే ‘సర్వర్‌కు సురక్షిత కనెక్షన్ కావాలి, లేదా క్లయింట్ ధ్రువీకరణ జరగలేదు’ అంటోంది. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సమస్యలు.

465లో సంభాషణ మొదటి అక్షరం నుంచే టీఎల్ఎస్ గుప్తీకరణలో జరగాలి. ఈ క్లాసుకు ఆ పద్ధతి రాదు. మామూలుగా కనెక్టయి, ‘స్టార్ట్‌టీఎల్ఎస్’ ఆదేశం ఇచ్చి, ఆ తర్వాతే గుప్తీకరణలోకి మారడం ఒక్కటే దానికి తెలుసు. కాబట్టి సర్వర్ 220 (‘సిద్ధంగా ఉన్నాను’) అని పలకరిస్తుందని క్లయింట్ ఎదురుచూస్తుంది, క్లయింట్ టీఎల్ఎస్ మొదలుపెడుతుందని సర్వర్ ఎదురుచూస్తుంది. డిఫాల్టు టైమౌట్ 100 సెకన్లు గనక అంతసేపూ ఈ మౌనమే. టైమౌట్ పెంచి లాభం లేదు, 465ను వదిలేయండి.

587 వైపే అసలు చిక్కు. ఆ లోప సందేశం రెండు కారణాలను ఒకే వాక్యంలో కుక్కింది, ఇంత బద్ధకపు సందేశం మరొకటి చూడలేదు. దాని చివర సర్వర్ ఇచ్చిన జవాబు ఉంటుంది, అది చదవండి. స్టార్ట్‌టీఎల్ఎస్ ముందు ఇవ్వాలని ఉంటే, క్లయింట్‌లో గుప్తీకరణను ఆన్ చేసే ‘ఎనేబుల్ ఎస్ఎస్ఎల్’ సెట్టింగును ట్రూ చేయలేదని అర్థం. ధ్రువీకరణ కావాలని ఉంటే పాస్‌వర్డ్ తప్పయినా కావాలి, అసలు సర్వర్‌కు చేరకపోయినా కావాలి.

చేరకపోవడం ఎలాగంటారా? నేను చూసుకునే బిల్లింగ్ ప్రోగ్రాం డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది. అందులో ‘క్రెడెన్షియల్స్’ (యూజర్ పేరు, పాస్‌వర్డ్) ఇచ్చాక, కింది వరుసలో ‘యూజ్ డిఫాల్ట్ క్రెడెన్షియల్స్’ ఫాల్స్ అని ఉండేది. చూడటానికి అమాయకమైన వరుసే, కానీ అది పైన ఇచ్చిన వివరాలను చెరిపేస్తుంది. ఆ వరుసను పైకి జరపగానే మెయిల్ వెళ్లింది. మీ కోడులోనూ ముందు ఈ క్రమమే చూడండి. జీమెయిల్ ఖాతా అయితే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

మెయిల్ మెసేజ్‌ను, క్లయింట్‌ను రెండింటినీ యూజింగ్ బ్లాకులో (పని ముగియగానే డిస్పోజ్‌ను పిలిచి వాటిని వదిలించే కోడు భాగంలో) పెట్టండి. లేకపోతే జతచేసిన ఫైలు తాళం పడినట్టే ఉండిపోయి, మెయిల్ వెళ్లాక కూడా దాన్ని తొలగించనివ్వదు. క్లయింట్‌కు డిస్పోజ్ వచ్చింది ఫ్రేమ్‌వర్క్ 4 నుంచి, సర్వర్‌కు ‘క్విట్’ చెప్పి సెలవు తీసుకునేది అందులోనే.

ప్రోగ్రాం కొత్తగా రాస్తున్నదైతే మాత్రం ఈ క్లాసుతో కుస్తీ పట్టకండి. కొత్త పనులకు దీన్ని వాడవద్దని, మెయిల్‌కిట్ వంటి లైబ్రరీని తీసుకోమని మైక్రోసాఫ్ట్ పత్రాలే చెబుతున్నాయి. మెయిల్‌కిట్‌కు 465 కూడా వస్తుంది.

పాత కోడునే కొనసాగించాల్సి వస్తే, పరీక్షల సమయంలో ‘డెలివరీ మెథడ్’ (మెయిల్ ఎలా పంపాలో చెప్పే సెట్టింగు)ను పికప్ డైరెక్టరీకి మార్చి ఒక ఫోల్డర్ చూపించండి. మెయిళ్లు ఎవరికీ వెళ్లకుండా ఈఎమ్ఎల్ ఫైళ్లుగా అక్కడ చేరతాయి, తెరిచి విషయం, జతలు, తెలుగు అక్షరాలు సరిగా వచ్చాయో లేదో చూసుకోవచ్చు.