చూపిస్తే చెప్తాడు, కావాలంటే అడగడు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళు. నీళ్ళ గ్లాసు చూపించి ఇదేంటి నాన్నా అంటే "నీళ్ళు" అని చక్కగా చెప్తాడు, కానీ దాహమేస్తే మాత్రం నోరు తెరవడు, నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడు. థెరపిస్ట్ గారేమో "టాక్ట్ వచ్చింది, మాండ్ ఇంకా రాలేదు" అంటున్నారు. సైకాలజీ చదివే మా మరిది "అది స్కిన్నర్ పాత థియరీ వదినా, చామ్‌స్కీ ఎప్పుడో కొట్టిపారేశాడు" అంటాడు. ఎవరి మాట వినాలండీ?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ఈ విషయంలో థెరపిస్ట్ గారి మాటే వినండమ్మా. స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1957లో 'వెర్బల్ బిహేవియర్' అని పుస్తకం రాశాడు, అందులో ఆయన పట్టించుకున్నది మాటకి అర్థమేంటని కాదు, ఆ మాట ఏం జరిగితే బయటికొస్తోంది, వచ్చాక మనిషికి ఏం దొరుకుతోంది అని. గ్లాసు కనబడి నీళ్ళు అన్నాడు, మీరు శభాష్ అన్నారు, అది టాక్ట్. దాహమేసి నీళ్ళు అన్నాడు, నీళ్ళే దొరికాయి, అది మాండ్. మన పెద్దవాళ్ళకి ఒకటొస్తే రెండోదీ వచ్చేసినట్టే కాబట్టి తేడా తెలీదు గానీ చిన్నపిల్లలకి అలా కాదు. 1985లో లామార్, హాలండ్ అని ఇద్దరు మామూలు పిల్లలతోనే చేసి చూశారు, వస్తువు కుడివైపుందో ఎడమవైపుందో చెప్పడం నేర్చుకున్న పిల్లలు, ఫలానా వైపు పెట్టమని అడగాల్సొచ్చేసరికి అవే మాటలు వాడలేకపోయారు.

ఇక మీ మరిది చెప్పేదీ ఉత్తదేం కాదు. భాషా శాస్త్రవేత్త చామ్‌స్కీ ఆ పుస్తకం మీద 1959లో రాసిన సమీక్ష చాలా ఘాటైనది, ఎప్పుడూ వినని వాక్యాలు పిల్లలు ఎలా కడుతున్నారు అన్నదానికి స్కిన్నర్ దగ్గర సరైన జవాబు లేదనే నాకూ అనిపిస్తుంది. కాకపోతే ఆ గొడవ వ్యాకరణం గురించి, మీ గొడవ మంచినీళ్ళ గురించి.

చెయ్యాల్సింది ఏంటంటే, వాడికి నిజంగా దాహమేసినప్పుడే ఖాళీ గ్లాసు చేతికిచ్చి, జగ్గు మీరు పట్టుకుని కాసేపు ఆగండి, అనకపోతే మీరే "నీళ్ళు" అనండి, వాడు మళ్ళీ అన్న క్షణమే ఒక్క గుక్క పొయ్యండి, అప్పుడు ఇంకో గుక్కకి మళ్ళీ అడిగే ఛాన్సు ఉంటుంది. ఆ టైములో "ఇదేంటి" అని మాత్రం అడక్కండి. మీరు అందించే మాట మెల్లగా తగ్గించుకుంటూ రండి. ఏడిచేదాకా ఆపొద్దు, అది నేర్పడం కాదు సతాయించడం. ఇంట్లో నానమ్మ గారుండి, వాడు అడక్కముందే అన్నీ అందించేస్తుంటే ఆవిడకీ ఓ మాట చెప్పి ఉంచండి.