టార్క్ రెంచ్ లేకుండా ఇంజిన్ బోల్టులు బిగించేదెలా?

ప్రశ్న: బైక్‌కి చిన్నాచితకా పనులు నేనే చేసుకుంటాను సార్. మొన్న ఇంజిన్ పక్క కవర్ బిగిస్తుంటే ఒక 6 ఎంఎం బోల్టు బాగానే బిగుసుకుంటూ వచ్చింది, ఇంకాస్త తిప్పుదాం అనుకునేసరికి మెత్తగా జారి ఊరికే తిరగడం మొదలుపెట్టింది. మాన్యువల్‌లో టార్క్, అంటే తిప్పే బలం, 10 న్యూటన్ మీటర్లు అని ఉంది. ఏడాదికి రెండుసార్లు వాడేదానికి టార్క్ రెంచ్ (ఎంత టార్క్ పడుతోందో చెప్పే స్పానర్) కొనాలని లేదు. వేరే దారి ఉందా?

జవాబు: ఉంది. ముందు మీ బోల్టు సంగతి. స్టీలు బోల్టుకీ అల్యూమినియం కేసింగుకీ కుస్తీ పెడితే ఓడేది కేసింగే. బోల్టు బయటికి తీసి చూడండి, దాని మరల (థ్రెడ్) మధ్య వెండి తీగలాంటి చుట్టలు ఇరుక్కుని ఉంటే అది కేసింగులోంచి ఊడొచ్చిన థ్రెడ్డే. దానికి హెలికాయిల్, అంటే పాడైన రంధ్రంలో కొత్త మరలుగా పనిచేసే తీగ చుట్ట, వేయించాలి. నాకూ రెండుసార్లు అయింది, రెండుసార్లూ ‘ఇంకొంచెం’ అనుకున్నప్పుడే.

10 న్యూటన్ మీటర్లంటే మీరనుకునేంత బలం కాదు. 20 సెంటీమీటర్ల స్పానర్ చివర 5 కిలోల లాగుడు, అంతే. చేతికి ఆ తేడా తెలియదు, కొక్కెం తూకానికి తెలుస్తుంది. రింగ్ స్పానర్ చివర గట్టి తాడు కట్టి తూకం కొక్కేనికి తగిలించండి. బోల్టు నడిమధ్య నుంచి తాడు ఉన్నచోటు దాకా దూరం కొలవండి, స్పానర్ మొత్తం పొడవు కాదు. మాన్యువల్ అంకెను 9.8తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ ఆ దూరంతో, మీటర్లలో, భాగిస్తే ఎన్ని కిలోలు లాగాలో వస్తుంది. 25 న్యూటన్ మీటర్లు కావాలి, దూరం 25 సెంటీమీటర్లు అనుకుంటే 10.2 కిలోలు.

తాడు స్పానర్‌కి లంబంగా ఉండాలి. 30 డిగ్రీలు పక్కకి వాలితే 13 శాతం బిగువు తగ్గిపోతుంది, తూకం మాత్రం అదే అంకె చూపిస్తూ మిమ్మల్ని నమ్మిస్తుంది. ఇంకో మాట, బోల్టు కదులుతుండగానే అంకె చూడాలి. మధ్యలో ఆపి మళ్లీ లాగితే మొదటి కదలికకే ఎక్కువ బలం పడుతుంది కాబట్టి ఆ అంకె తప్పు, కొంచెం వదులు చేసి ఒకే లాగుడుతో రండి. దీనికి ముల్లు ఉన్న స్ప్రింగ్ తూకమే నయం. డిజిటల్‌వి చాలావాటిలో అంకె నిలకడ అయ్యేదాకా ఆగాలి, ఈలోపు బోల్టు దాటిపోతుంది. తూకం మీదే అనుమానమా? 5 లీటర్ల నీళ్లు వేలాడదీసి చూడండి, డబ్బా బరువు పోను 5 కిలోలు రావాలి.

ప్రశ్న: బిగించే ముందు థ్రెడ్‌కి ఆయిల్ రాయమని ఒకరు, వద్దని ఒకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మాన్యువల్ మాట. మనం పెట్టే టార్క్‌లో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, సగం తల కింద, మిగతాది మరల్లో. బోల్టును సాగదీసి నిజంగా బిగించేది ఆ మిగిలిన 10 శాతమే. ఆయిల్ రాస్తే రాపిడి తగ్గుతుంది, అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది. అందుకే పొడి బోల్టుకిచ్చిన అంకెను ఆయిల్ పూసినదానికి వాడితే తెగే ప్రమాదం. అడుగు మూసుకుపోయిన రంధ్రంలో ఆయిల్ గానీ నీళ్లు గానీ నిలిచి ఉంటే ఇంకా ఘోరం, బోల్టు దిగుతూ దాన్ని నొక్కితే బయటికి దారిలేక కేసింగే పగలొచ్చు. తుడిచి, ఊది, అప్పుడు బిగించండి.

ప్రశ్న: హెడ్ (సిలిండర్ పైమూత) బోల్టులకి ‘టార్క్ పెట్టాక 90 డిగ్రీలు’ అని ఉంది. ఆ డిగ్రీలు ఎలా కొలవాలి?

జవాబు: మొదటి టార్క్ పైన చెప్పిన తూకంతోనే పెట్టండి. తర్వాత బోల్టు తల మీదా, పక్కన హెడ్ మీదా పెయింట్ గీత. షట్కోణపు తల కాబట్టి ఒక పలక 60 డిగ్రీలు, ఒకటిన్నర పలక 90. క్రమం మాన్యువల్‌లో ఉన్నట్టే, మామూలుగా మధ్య నుంచి బయటికి. ఇలా డిగ్రీల్లో బిగించేవి చాలావరకు సాగిపోయే రకం, మాన్యువల్ మళ్లీ వాడొద్దంటే కొత్తవే వేయండి. పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టుల దగ్గర మాత్రం తూకం ప్రయోగాలు వద్దు, ఎవరినైనా అడిగి టార్క్ రెంచ్ తెచ్చుకోండి, ఒక్క పూట పని.