లల్లీ, ఆ ఎస్‌ఓపీ నువ్వే రాయి

చిరంజీవి లల్లికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల సముద్రం దాటి చదువుకోడానికి వెళ్లడం నీతోనే మొదలు. మీ నాయనమ్మ ఉండుంటే వీధి వీధంతా చెప్పుకొచ్చేది. నాకూ అలాగే ఉంది. అంతలో వాడు "ఎస్‌ఓపీకి బెంగేం లేదక్కా, కన్సల్టెన్సీ వాళ్లే రాసిచ్చేస్తారు" అన్నాడు. ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) అంటే ఈ చదువు నీకెందుకో నువ్వు చెప్పుకునే వ్యాసం కదా, అది ఇంకెవరో రాయడమా! ఇక నాకు నిద్ర పడితే ఒట్టు.

తెలిసినవి గబగబా చెప్పేస్తాను. ఎన్ని పదాలు రాయాలో ప్రతి యూనివర్సిటీ తన సైట్లో పెడుతుంది, అది దాటకు. మహానుభావుల సూక్తులు వద్దు. ఏ ప్రొఫెసర్ పేరైనా రాస్తే ఆయన పేపరు ఒక్కటైనా చదివి రాయి. ఒకచోటికి రాసింది ఇంకోచోటికి పంపేటప్పుడు యూనివర్సిటీ పేరు మార్చావో లేదో చూసుకో.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్లూ, రికమెండేషన్ లెటర్ కోసం వచ్చే పిల్లల్ని ఎస్‌ఓపీ కూడా పట్టుకురమ్మనేదాన్ని. ఒకసారి ఒకే బెంచీ వాళ్లు ముగ్గురు తెచ్చారు. మూడూ ఒకే వాక్యంతో మొదలు: చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ఎనలేని ఆసక్తి. వాళ్లలో ఒకడిది పల్నాడు. వాడి కాగితం నిండా ఏదో కంప్యూటర్ టెక్నాలజీ, బ్లాక్‌చెయిన్. "దాని గురించి నీకేం తెలుసురా?" అంటే "కన్సల్టెన్సీలో రాశారు మేడమ్" అన్నాడు.

వాడు నిజంగా చేసిందేమిటో నాకు తెలుసు. వాళ్ల పొలానికి త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట వచ్చేది. తండ్రి టార్చిలైటు పట్టుకుని, పాములు తిరిగే గట్ల మీద నడిచి వెళ్లి మోటారు వేసేవాడు. వీడు సిమ్ పెట్టే చిన్న బోర్డు కొని, మంచం మీంచి మిస్డ్ కాల్ ఇస్తే మోటారు తిరిగేలా చేశాడు. ఒక రాత్రి ఒక ఫేజు పోయింది. మోటారు మిగిలిన రెండింటి మీదే మూలిగి మూలిగి వైండింగ్ కాలిపోయింది. ఇంట్లో చీవాట్లు తిని, మూడు ఫేజులూ ఉంటేనే స్టార్టయ్యేలా, మధ్యలో ఒకటి పోతే ఆగిపోయేలా మళ్లీ కట్టాడు. ఆ కాలిపోయిన మోటారు గురించి రాయరా అన్నాను. "పొలం మోటారంటే నవ్వుతారు మేడమ్" అని తల దించుకున్నాడు. బ్లాక్‌చెయిన్‌నే పంపాడు. అన్నిచోట్లా కాదన్నారు. దానివల్లేనని నేను ఒట్టేయలేను, వాడి మార్కులూ అంతంతమాత్రమే. అయినా చెడిందాన్ని అంత ఓపిగ్గా బాగుచేసుకున్న పిల్లవాడు అక్కడ ఎవరి కంటా పడలేదే అని నాకిప్పటికీ కడుపు మండుతుంది.

నాకలాంటిదేం లేదత్తా అనకు. కిందటి వేసవిలో మీ నాన్న పనిచేసే కోల్డ్ స్టోరేజీలో కూర్చుని, ఏ రైతు మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, ఏ ఛాంబర్లో ఉన్నాయో ఫోన్‌లో వెతుక్కునేలా చేశావు కదా. ఒకే పేరున్న ఇద్దరు రైతుల తేజ మిర్చి లెక్క కలిసిపోయి, గుమస్తా నీ మీద ఎలా అరిచాడో నువ్వే నటించి చూపించావు. ఆ చిక్కు ఎలా విడదీశావో రాయి. అక్కణ్ణుంచి డేటాబేసుల్లో ఇంకా ఏం నేర్చుకోవాలనుందో, అది ఆ యూనివర్సిటీలోనే ఎందుకో చెప్పు.

థర్డ్ సెమ్ మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ దాచిపెట్టకు, దాని గురించి ఏడవకు. అమ్మ ఆపరేషన్ అప్పుడు పోయింది, తర్వాత ఇన్ని మార్కులతో గట్టెక్కాను అని రెండు వాక్యాలు చాలు. ఆస్పత్రి వరండాలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కునికిపాట్లు పడ్డావని నాకు తెలుసులే తల్లీ, వాళ్లకి అదంతా అక్కర్లేదు.

రేపు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో "ఈ యూనివర్సిటీయే ఎందుకు?" అని వీసా ఆఫీసర్ అడిగితే, ఎవరో రాసింది గుర్తు తెచ్చుకుంటూ నువ్వు నీళ్లు నములుతున్నట్టు నాకు ఇప్పుడే కనిపిస్తోంది. మీ నాన్న ఇల్లు తాకట్టు పెడుతున్నాడే! చాట్‌జీపీటీ చేత రాయించినా నా దృష్టిలో ఒకటే. స్పెల్లింగులు చూపించుకో, అంతవరకే.

చాలాచోట్ల గడువు డిసెంబర్, జనవరిల్లోనే. దసరా సెలవుల్లో చిత్తుప్రతి నాకు పంపు. ఇంగ్లీషు వంకరగా ఉన్నా ఫర్వాలేదు, నా ఎర్ర పెన్ను ఇంకా రాస్తోంది. కన్సల్టెన్సీకి కట్టిన డబ్బు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలోకి రాకు.

మీ అత్తయ్య