పెరుగు వద్దన్నానని అమ్మ మాట్లాడటం మానేసింది

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. ఇంట్లో నాలుగు గేదెలున్నాయి, వాటిని అమ్మే చూసుకుంటుంది. నా చిన్నప్పుడు ఒక దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టి పాలు పిండారు. గేదె దాన్ని నాకుతూనే ఉంది. అది నా కళ్ళ ముందు నుంచి ఇప్పటికీ పోలేదు. 14 నెలల క్రితం మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసి వీగన్‌గా మారాను. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మ నా అన్నంలో పెరుగు వేయబోయింది. "దూడ నోటి దగ్గర లాక్కున్న పాలు నాకొద్దు. ఆ గేదెల్ని అమ్మేయ్, నెలనెలా డబ్బు నేను పంపిస్తా" అన్నాను. "ఆ పాలు పోసే నీ ఫీజులు కట్టాను" అని అమ్మ లేచి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఫోన్‌లో "తిన్నావా, సరే ఉంటాను", అంతే. నాకు సంబంధాలు చూస్తున్నారు. ఈ విషయం అమ్మాయి తరఫు వాళ్ళకు చెప్పొద్దని నాన్న అంటున్నారు. ఆఫీసులో బిర్యానీ తెప్పించుకున్న రోజల్లా నన్ను ఆటపట్టిస్తారు. రెండు నెలలుగా నీరసంగా ఉంటోంది, రాత్రిళ్ళు అరికాళ్ళలో తిమ్మిర్లు వస్తున్నాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే "పాలు మానేశావు కదా, అందుకే" అంటారు. నేను చేస్తున్నది తప్పా?

జవాబు:

బాబూ, ముందు మీ అరికాళ్ళ సంగతి మాట్లాడుకుందాం. ఉత్తరం చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రెండు ముక్కలు రాసి వదిలేశారు. నాకు మాత్రం అక్కడే కంగారు పుట్టింది.

నీరసం, తిమ్మిర్లు చాలా కారణాల వల్ల రావచ్చు. కానీ జంతువుల నుంచి వచ్చేదేదీ తినని మనిషికి ఇవి మొదలైతే మొదట చూసుకోవాల్సింది విటమిన్ బి12. పప్పులు, కూరగాయలు, గింజలు ఎన్ని తిన్నా ఇది సరిపడా అందదు. పులిసిన ఇడ్లీ పిండిలో దొరుకుతుందని, స్పిరులినాలో ఉంటుందని కొందరు చెబుతారు. వాటిని నమ్ముకుని కూర్చోకండి. మన కాలేయంలో బి12 నిల్వ ఉంటుంది కాబట్టి మానేసిన వెంటనే ఏమీ తెలియదు. కొందరికి రెండు మూడేళ్ళు పడుతుంది, ముందు నుంచే నిల్వ తక్కువగా ఉన్నవాళ్ళకు త్వరగా బయటపడుతుంది. అశ్రద్ధ చేస్తే నరాలు దెబ్బతింటాయి. మరీ ఆలస్యమైతే ఆ దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు కూడా. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఏమేం మానేశారో, ఎన్నాళ్ళయిందో దాచకుండా చెప్పండి. బి12తో పాటు విటమిన్ డి, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ కూడా చూస్తారు. రక్తం ఇవ్వకముందే మందుల షాపులో మల్టీవిటమిన్ కొని వేసుకోకండి, రిపోర్టులో అసలు సంగతి బయటపడదు. ఉట్టి ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు అసలే వద్దు. రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల నరాలకు జరిగే నష్టం మాత్రం జరుగుతూనే ఉంటుంది. బి12 లోపమే అని తేలితే మందు ఉంది. బిళ్ళలా, ఇంజెక్షనా అన్నది డాక్టర్ చెబుతారు. బి12ను సూక్ష్మజీవుల సాయంతో తయారుచేస్తారు కాబట్టి మీ నియమానికి అడ్డు రాదు. క్యాప్సూల్ అయితే పైతొడుగు జెలటిన్‌దేమో ఒకసారి అడగండి. అలాగే విటమిన్ డి3 చాలావరకు గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీస్తారు, జంతువులతో సంబంధం లేనిదీ దొరుకుతుంది.

తిమ్మిర్లు తగ్గాక కూడా బి12 బిళ్ళ మీ జీవితంలో భాగమే. పాలు, గుడ్లు లేని తిండికి అది తప్పనిసరి తోడు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పాలు తాగే ఇళ్ళలోనూ బి12 తక్కువున్నవాళ్ళు మన దగ్గర బోలెడంత మంది. "చూశావా, మేం చెప్పలేదూ" అని ఎవరైనా అంటారనే భయంతో మీరు రెండు నెలలు ఈ బాధను దాచారు. ఆ మాట ఎవరన్నా అననివ్వండి. "అవును, బి12 తగ్గింది, మందు వేసుకుంటున్నాను" అని చెప్పండి, సరిపోతుంది.

తిండి విషయం పెద్దగా చెప్పను, మన వంటిల్లు మీకు అనుకూలంగానే ఉంది. పాలతో పాటు వదులుకున్న కాల్షియం రాగుల్లో వెతుక్కోండి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. రాగిసంకటి, పక్కన వేరుశనగ పచ్చడి, నువ్వుల పొడి. రోజూ ఏదో ఒక పప్పు, మధ్యమధ్యలో శనగలు, మీల్‌మేకర్, అవిసె గింజల కారం. కూరల మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ వద్దు. ఒక్క విషయంలో జాగ్రత్త: ప్యాకెట్ల మీద పచ్చచుక్క ఉన్నంత మాత్రాన పాలు లేవని కాదు. బిస్కెట్లలో పాలపొడి తరచూ ఉంటుంది. హాస్టల్ కుర్రాళ్ళలా అన్నం, ఆవకాయతో రోజులు గడుపుతున్నారేమోనని నా అనుమానం. ఒక్కరే ఉండే మగపిల్లలు పాలు మానేస్తే చాలాసార్లు జరిగేది అదే.

ఇక అమ్మ.

మీరు చేస్తున్నది తప్పా అని అడిగారు. తినకపోవడం తప్పు కాదు. గడ్డి కూరిన దూడను నేనూ చిన్నప్పుడు చూశాను. మా వీధిలో పాలు పోసే ఆవిడ ఇంటి గొడ్ల చావడిలో ఉండేది. నాలుగు కర్రల మీద నిలబెట్టిన ఆ తోలును గేదె వాసన చూసి నాకేది. మేం పిల్లలం చుట్టూ నిలబడి చూసి ఇంటికొచ్చి పాలు తాగేవాళ్ళం. మీరు దాన్ని మర్చిపోలేకపోయారు. ఆ పసివాడి మనసు ఇన్నేళ్ళ తర్వాత ఒక నిర్ణయం తీసుకుంది. దాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

కానీ సంక్రాంతి నాడు మీరన్న మాట వేరు. "నాకొద్దమ్మా" అంటే అది మీ కంచం గురించి. "దూడ నోటి దగ్గర లాక్కున్న పాలు" అంటే అది ఆవిడ బతుకు గురించి. తెల్లారకముందే లేచి, పేడ తీసి, తవుడు, తెలగపిండి కలిపి పెట్టి, దూడను వదిలి, గేదె చేపాక పాలు పిండి, క్యాన్ పట్టుకుని పాల కేంద్రానికి వెళ్ళి, వెన్న శాతం ఎంత వచ్చిందా అని మిషన్ వైపు చూస్తూ నిలబడ్డ మనిషి ఆవిడ. పండుగైనా, జ్వరం వచ్చినా గేదెలకు సెలవు లేదు, ఆవిడకూ లేదు. ఆ పాల బిల్లులతో మిమ్మల్ని చదివించింది. ఆ చదువుతో ఉద్యోగం తెచ్చుకున్న కొడుకు, పండుగ పూట, అది పాపపు సొమ్మన్నాడు. మీ ఉద్దేశం అది కాకపోవచ్చు. ఆవిడకు వినిపించింది మాత్రం అదే.

"గేదెల్ని అమ్మేయ్, డబ్బు నేను పంపిస్తా" అన్నారు చూడండి, అది ఇంకా లోతుగా గుచ్చుకుని ఉంటుంది. మన పల్లెల్లో చాలామంది ఆడవాళ్ళకు సొంతంగా చేతికొచ్చే డబ్బు పాల బిల్లు ఒక్కటే. పొలం డబ్బు మగవాళ్ళ చేతుల్లోకి పోతుంది. పాల డబ్బుతో కూతురికి చీర కొంటుంది, చీటీ కడుతుంది, మనవడి చేతిలో వంద పెడుతుంది. మీరు నెలనెలా పంపేది ఎంతైనా, అది కొడుకు ఇచ్చిన డబ్బు. పాల బిల్లు ఆవిడ సంపాదించుకున్న డబ్బు. పైగా సంతకు తోలిన ముసలి గేదెలు ఎక్కడికి చేరతాయో మీకు తెలియంది కాదు. మీరు ఏ జీవాల కోసం బాధపడుతున్నారో, వాటికి ఆ ఇంటి చావడి కంటే మంచి చోటు దొరకదు.

నన్నడిగితే, మీరు అమ్మను అడగగలిగేది వేరే ఉంది. ఈసారి మగదూడ పుడితే బేరగాడికి ఇవ్వొద్దని అడగండి, దాని మేత ఖర్చు మీరు పెట్టుకోండి. దూడకు ఒక చన్ను పాలు పూర్తిగా వదలమని, ఆ మేరకు తగ్గిన పాల బిల్లు మీరిస్తానని చెప్పండి. పశువుల డాక్టర్ ఖర్చు మీదే అనండి. అమ్మ ఒప్పుకోకపోవచ్చు, దున్నపోతుదూడను ఊరికే ఎవరు మేపుతారని నవ్వొచ్చు. అయినా ఆవిడ పనిని తీసిపారేయకుండా మీ బాధ చెప్పుకునే దారి అది. కాకపోతే ఇదంతా తర్వాత. ముందు క్షమాపణ.

అది ఫోన్‌లో వద్దు. ఊరెళ్ళండి. అమ్మ చావడిలో పనిలో ఉన్నప్పుడు వెళ్ళి పక్కన కూర్చోండి. పాలు తాగనంత మాత్రాన గేదెలకు గడ్డి వేయకూడదని లేదు. చొప్ప కట్ట విప్పండి, కుడితి తొట్టిలో నీళ్ళు పోయండి. "ఆ మాట అనకుండా ఉండాల్సింది అమ్మా. నువ్వు చేసిన కష్టాన్ని తప్పు పట్టలేదు. నాకు తాగబుద్ధి కావడం లేదంతే" అని చెప్పండి. ఆ వెంటనే దూడ గురించి, పాల వ్యాపారం గురించి వివరించడం మొదలుపెట్టకండి. క్షమాపణలో "కానీ" వచ్చిందంటే ఆవిడ మళ్ళీ లేచి వెళ్ళిపోతుంది.

ఇంకో సంగతి. అమ్మ మీకు పెట్టగలిగే వాటిలో సగం మీరు ఒక్కసారిగా వద్దన్నారు. జున్ను, వెన్న, ముద్దపప్పులో నెయ్యి, చివర్లో గడ్డపెరుగు, అన్నీ పోయాయి. మిమ్మల్ని చూడగానే ఆవిడ చేతులు వెతుక్కునేవి అవే. వాటి చోట ఇంకేదైనా పెట్టే అవకాశం ఇవ్వండి. మా అన్నయ్య కూతురు వీగన్‌గా మారిన కొత్తలో నేను చేసిన తప్పు చెబుతాను. పిల్ల చిక్కిపోతోందన్న బెంగతో ఒకరోజు పప్పులో నెయ్యి పోపు పెట్టి, నూనె అని చెప్పాను. ఆ పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది, నా మొహంలోకి చూసింది, ఏమీ అనకుండా కంచం తీసేసింది. ఆ తర్వాత చాలా నెలలు మా ఇంట్లో తినేముందు ప్రతిదీ వాసన చూసేది. నమ్మకం పోవడం అంటే ఏమిటో ఆ చూపుతో తెలిసింది. ఎంత ప్రేమతో చేసినా అది మోసమే.

మళ్ళీ దగ్గరైంది పల్లీ పెరుగుతో. ఒక కప్పు పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, మూడు కప్పుల నీళ్ళు కలిపి బట్టలో వడకట్టాలి. ఆ పాలను అడుగంటకుండా కలుపుతూ ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా అయ్యాక ఏడెనిమిది పచ్చిమిర్చి తొడిమలు వేసి మూతపెట్టాలి. మొదటిసారి పలచగానే తోడుకుంటుంది. దాన్నే తోడుగా వేసి రెండోసారి చేస్తే గట్టిపడుతుంది. పెరుగు రుచి కాదు, పల్లీల వాసన ఉంటుంది. పోపు పెట్టి అల్లం, కరివేపాకు వేస్తే మజ్జిగన్నం లేని లోటు కొంత తీరుతుంది. మీ అమ్మగారిని ఒకసారి తోడు పెట్టి చూడమని అడగండి. వేలు ముంచి ఎంత వేడి చాలో చెప్పగలిగిన మనిషి ఆవిడ, మీరు పది వీడియోలు చూసినా ఆ లెక్క రాదు. ఇష్టం లేదంటే మాత్రం బలవంతపెట్టకండి.

పెళ్ళి విషయంలో మీ నాన్నగారి మాట వినకండి. ఈ సంగతి దాచి చేసుకుంటే పెళ్ళయిన మర్నాడే బయటపడుతుంది. అమ్మాయితో మాట్లాడే మొదటి రోజే మీరే చెప్పండి. ఆమె ఏం తింటుందో, ఇంట్లో పెరుగు, గుడ్లు ఉండటం మీకు సమ్మతమేనా, రేపు పిల్లలకు పాలు పట్టాలా వద్దా అన్న ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. ముందు మీకు మీరు జవాబు చెప్పుకుని వెళ్ళండి. ఆమె మీలా మారాలని లోపల్లోపల కోరుకుంటుంటే అదీ దాచకండి. ఒకరి కోసం ఒకరు తిండి మార్చుకోవాలన్న షరతుతో మొదలైన కాపురాల్లో గొడవలు నేను చాలా చూశాను. ఎవరి కంచం వారిది అని ముందే అనుకున్నవాళ్ళు బాగానే ఉన్నారు.

ఆఫీసు వాళ్ళ గురించి ఎక్కువ ఆలోచించకండి. మీరు బిర్యానీ మీద ఉపన్యాసం ఇవ్వనన్నాళ్ళూ వాళ్ళ ఆట ఎక్కువ రోజులు సాగదు.

ఊరెళ్ళడానికి సెలవు దొరికేలోపు ఒక చిన్న పని చేయండి. అమ్మ ఇప్పటికీ "తిన్నావా" అని అడుగుతోందని రాశారు. కోపంలో కూడా ఆ మాట మానలేదు. దానికి "తిన్నాను" అని ఊరుకోకండి. గోంగూర పప్పు చేశానని, పులుపు ఎక్కువైందని, ఆకు ముందు వేయించాలా, పప్పుతోనే ఉడికించాలా అని అడగండి. ఆవిడ చెప్పినంతసేపు వినండి.